గాలి నుండి ఎరువు తీసిన ఇంజనీరు: కార్ల్ బాష్

పైరు పచ్చగా ఎదగాలంటే నీరు, ఎండ ఉంటే చాలదు. నేలలో నత్రజని కూడా ఉండాలి. మనం పీల్చే గాలిలో ఐదింట నాలుగు పాళ్ళు నత్రజనియే. అయినా ఆ గాలిలోనే తలలూపుతూ నిలిచే వరిపైరు దానిని నేరుగా గ్రహించలేదు. నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున గట్టిగా పెనవేసుకొని ఉంటాయి. ఆ బంధాన్ని తెంచి మరొక మూలకంతో కలిపితేనే అది మొక్కకు ఆహారమవుతుంది. పప్పుజాతి మొక్కల వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు ఆ పనిని నిశ్శబ్దంగా చేస్తూ ఉంటాయి. మన రైతులు జనుము, జీలుగ చల్లి పొలంలోనే కలియదున్నడంలోని రహస్యం ఇదే. సూక్ష్మజీవులు చేసే ఈ పనిని ఇనుముతో, నిప్పుతో, పీడనంతో కర్మాగారంలో చేయించిన ఇంజనీరు కార్ల్ బాష్. ఆయన పేరు రసాయనశాస్త్ర పాఠంలో ఒక పద్ధతికి తోకగా మాత్రమే వినబడుతుంది. ఆ పేరు వెనుక ఉన్న శ్రమ, విజయం, వేదన చాలామందికి తెలియవు.

బాష్ 1874వ సంవత్సరం ఆగస్టు 27వ తేదీన జర్మనీలోని కొలోన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఇళ్ళకు నీటి గొట్టాలు, గ్యాసు గొట్టాలు అమర్చే సామగ్రి వ్యాపారం చేసేవాడు. వాహనాల విద్యుత్ పరికరాలకు ప్రసిద్ధి చెందిన సంస్థను స్థాపించిన రాబర్ట్ బాష్ ఈయనకు పినతండ్రి. పనిముట్ల మధ్య పెరిగిన ఆ బాలునికి లోహపు పని చేతికి అలవడింది. మొక్కలు, పురుగులు, రాళ్ళు సేకరించడమన్నా అతనికి మక్కువ ఎక్కువ. పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఆయన నేరుగా విశ్వవిద్యాలయానికి వెళ్ళలేదు. సైలీషియా ప్రాంతంలోని ఒక ఇనుప కర్మాగారంలో శిక్షణార్థిగా చేరి, పనివాళ్ళతో కలిసి పనిచేశాడు. 1894లో బెర్లిన్ సమీపాన గల షార్లొట్టెన్‌బర్గ్ సాంకేతిక విద్యాలయంలో చేరి లోహశాస్త్రాన్ని, యంత్ర నిర్మాణ విద్యను అభ్యసించాడు. తరువాత లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, 1898లో డాక్టరేటు పట్టా పొందాడు. ఆనాడు రసాయన శాస్త్రజ్ఞునికి యంత్రాల సంగతి తెలియకపోవడం, యంత్ర నిపుణునికి రసాయనాల సంగతి తెలియకపోవడం సాధారణం. బాష్‌కు రెండూ తెలుసు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఈ ఉభయ ప్రావీణ్యమే.

1899లో ఆయన రైన్ నది ఒడ్డున లుడ్విగ్స్‌హాఫెన్ పట్టణంలోని బి.ఎ.ఎస్.ఎఫ్. అనే రంగుల తయారీ సంస్థలో రసాయనవేత్తగా చేరాడు. మన దేశపు నీలిమందు సాగును దెబ్బతీసిన కృత్రిమ నీలిరంగును 1897లో విపణిలోకి తెచ్చినది ఆ సంస్థయే. ఆయన చేరిన మరుసటి సంవత్సరం ఒక పరీక్ష ఎదురైంది. విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ అనే సుప్రసిద్ధ శాస్త్రవేత్త, వేడి ఇనుము మీదుగా నత్రజని, హైడ్రోజన్ వాయువులను పంపి అమోనియా తయారు చేశానని సంస్థకు తెలియజేశాడు. ఆ ప్రయోగాన్ని సరిచూసే పని ఇరవై ఆరేళ్ళ బాష్‌కు అప్పగించబడింది. ఆయన ఎంతో జాగ్రత్తగా పరిశీలించి, ఆ అమోనియా గాలిలోని నత్రజని నుండి రాలేదని, ఇనుములో ముందే చేరి ఉన్న నత్రజని నుండి వచ్చిందని కనుగొన్నాడు. మహాపండితుని మాటను కాదని చెప్పడం కొత్త ఉద్యోగికి తేలిక కాదు. అయినా ఆయన తాను చూచినది చూచినట్లు నివేదించాడు. ఆస్ట్వాల్డ్ నొచ్చుకున్నా, చివరకు తన పేటెంటు దరఖాస్తును విరమించుకొనక తప్పలేదు.

ఆ రోజులలో అమోనియా కోసం అంతటి ఆరాటం ఎందుకో తెలుసుకోవాలి. ఐరోపా దేశాల జనాభా పెరుగుతోంది, పొలాల సారం తరుగుతోంది. దక్షిణ అమెరికాలోని చిలీ ఎడారి నుండి ఓడలలో వచ్చే సురేకారమే ఆ పొలాలకు ముఖ్యమైన నత్రజని ఎరువు. ఆ నిల్వలు తరిగిపోతే ప్రజలకు గోధుమలు కరవవుతాయని విలియం క్రూక్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1898లో హెచ్చరించాడు. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చడమే దానికి మార్గమని ఆయన సూచించాడు.

కార్ల్‌స్రూహే నగరంలో ఆచార్యుడుగా ఉన్న ఫ్రిట్జ్ హేబర్ ఆ మార్గాన్ని కనుగొన్నాడు. 1909 జులై 2వ తేదీన ఆయన తన ప్రయోగశాలలో, బల్లమీద అమరే చిన్న పరికరంతో గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమోనియాగా మార్చి చూపాడు. గంటకు వంద గ్రాములకు అటూ ఇటుగా ద్రవం జారింది. ఆ ప్రదర్శన చూడడానికి బి.ఎ.ఎస్.ఎఫ్. పక్షాన బాష్, ఆయన సహచరుడు ఆల్విన్ మిట్టాష్ వెళ్ళారు. అంతకు కొద్ది నెలల ముందే సంస్థ పెద్దలు ఈ విషయమై చర్చించినప్పుడు, వంద వాతావరణాలకు మించిన పీడనమంటే కొందరు హడలిపోయారు. అందుకు తగిన పాత్రలు చేయడం అసాధ్యమని వారి అభిప్రాయం. ఉక్కు పరిశ్రమ శక్తి ఎంతటిదో బాష్‌కు స్వయంగా తెలుసు. సాహసించవచ్చునని ఆయన అన్నాడు. సంస్థ ఆయన మాటను నమ్మి, ఆ బాధ్యతను ఆయన భుజాలపైనే పెట్టింది.

అసలు కష్టం అక్కడ మొదలైంది. గ్రాములలో జరిగిన దానిని టన్నులలో జరిపించాలి. గంటసేపు నిలిచిన దానిని నెలల తరబడి, రాత్రింబగళ్ళు నిలపాలి. అందుకు మూడు చిక్కులు తీరాలి. మొదటిది చవకగా స్వచ్ఛమైన వాయువులు, రెండవది సమృద్ధిగా దొరికే ఉత్ప్రేరకం, మూడవది పగలని పాత్ర.

హేబర్ వాడిన ఆస్మియం ప్రపంచంలో అత్యంత అరుదైన లోహాలలో ఒకటి. దానిని నమ్ముకొని కర్మాగారం నడపడం జరగని పని. బాష్ ఉత్ప్రేరకాన్ని వెదకే పనిని మిట్టాష్‌కు అప్పగించాడు. మిట్టాష్ బృందం 1912 నాటికి సుమారు 2,500 పదార్థాలను 6,500 సార్లు పరీక్షించింది. స్వీడన్ గనుల నుండి వచ్చిన ఒక ఇనుప ఖనిజం ఆశ్చర్యకరంగా చక్కగా పనిచేసింది. శుద్ధమైన ఇనుముకు లేని చురుకు దానికి ఎలా వచ్చిందని ఆరా తీయగా, అందులోని కొద్దిపాటి కల్తీయే కారణమని తేలింది. ఇనుముకు స్వల్పంగా అల్యూమినియం, పొటాషియం, కాల్షియం ఆక్సైడ్‌లు జోడించి ఉత్ప్రేరకాన్ని రూపొందించారు. నేటికీ అమోనియా కర్మాగారాలలో ఎక్కువగా వాడేది ఆ జాతికి చెందిన ఉత్ప్రేరకమే.

పాత్ర చిక్కు ఇంతకన్న కఠినమైనది. గట్టి ఉక్కుతో చేసిన గొట్టాలలో 500 డిగ్రీలకు మించిన వేడిలో, సుమారు 200 వాతావరణాల పీడనంలో వాయువులను నింపి చూశారు. దాదాపు ఎనభై గంటలు పనిచేసి ఆ గొట్టాలు పగిలిపోయాయి. అదృష్టవశాత్తు వాటిని కాంక్రీటు గోడల నడుమ ఉంచడం వలన ప్రాణనష్టం తప్పింది. పగిలిన ముక్కలను బాష్ సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. ఉక్కుకు బలాన్నిచ్చేది అందులోని కార్బన్. వేడెక్కిన హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, ఆ కార్బన్‌ను లాగివేస్తోంది. చెద తిన్న దూలం పైకి గట్టిగా కనబడుతూనే లోపల గుల్లబారినట్లు, ఆ గొట్టం లోపలి నుండి పెళుసెక్కుతోంది. యంత్ర నిపుణుడు మాత్రమే అయితే ఇంకా మందమైన గొట్టం చేయించి ఉండేవాడు. అదీ పగిలి ఉండేది.

బాష్ మరొక విధంగా ఆలోచించాడు. బలం, నిరోధం అనే రెండు గుణాలనూ ఒకే లోహం నుండి కోరడమే పొరపాటని గ్రహించాడు. వాయువు తగిలే లోపలి వైపున కార్బన్ దాదాపు లేని మెత్తని ఇనుప తొడుగు పెట్టాడు. అందులో హైడ్రోజన్ దోచుకోవడానికి ఏమీ లేదు. పీడనాన్ని భరించడానికి ఆ తొడుగు చుట్టూ గట్టి ఉక్కు కవచం అమర్చాడు. తొడుగు గుండా కొద్దిగా జారే హైడ్రోజన్ కవచంలో చేరి దానిని పాడుచేయకుండా, ఆ కవచానికి అంతటా సన్నని రంధ్రాలు వేయించాడు. జారిన వాయువు నిలువ ఉండకుండా ఆ రంధ్రాల గుండా బయటకు పోతుంది. ఆపలేని దానిని ఆపబోవక, దానికి దారి చూపడమే ఈ ఉపాయంలోని తెలివి. 1911లో రూపుదిద్దుకున్న ఈ ఆలోచనతో అధిక పీడన పరిశ్రమకు పునాది పడింది.

మిగిలిన పనులూ చిన్నవి కావు. ఎర్రగా కాలిన కోకు మీదుగా నీటి ఆవిరిని పంపితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసి వస్తాయి. ఆ కార్బన్ మోనాక్సైడ్‌ను మరల ఆవిరితో చర్య జరిపించి, మరింత హైడ్రోజన్ రాబట్టారు. ఉత్ప్రేరకాన్ని చెరిచే గంధకం వంటి మలినాలను తొలగించారు. అంతటి పీడనానికి తట్టుకొనే కంప్రెసర్లు, కవాటాలు, అతుకులు ఎక్కడా అమ్మకానికి లేవు గనుక స్వయంగా చేయించుకున్నారు. గొట్టంలో ప్రవహించే వాయువు వేగాన్ని, పాళ్ళను ఎప్పటికప్పుడు చూపే కొలత పరికరాలనూ తయారు చేసుకున్నారు. తయారైన ఎరువు ఏ పైరుకు ఎంత వేయాలో పరీక్షించడానికి 1914లో లింబుర్గర్‌హోఫ్ అనే చోట ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రాన్ని కూడ నెలకొల్పారు. లోహ నిపుణుడు, యంత్ర నిపుణుడు, రసాయనవేత్త, కొలతల నిపుణుడు, వ్యవసాయ శాస్త్రవేత్త ఒకే చోట చేరి పనిచేయడం నేటి పరిశ్రమలలో సర్వసాధారణం. ఆ పద్ధతికి మొదట బాట వేసినవారిలో బాష్ ముఖ్యుడు.

1913 సెప్టెంబరులో, లుడ్విగ్స్‌హాఫెన్‌కు ఆనుకొని ఉన్న ఒప్పావ్ గ్రామంలో ప్రపంచంలోని మొట్టమొదటి అమోనియా సంశ్లేషణ కర్మాగారం పని ప్రారంభించింది. అది రోజుకు సుమారు 30 టన్నుల అమోనియా తయారు చేయగలదు. హేబర్ ప్రయోగశాల నుండి అక్కడికి చేరడానికి పట్టిన కాలం నాలుగు సంవత్సరాలకు కొంచెం ఎక్కువ. అన్నం పెట్టే పని ఆరంభమైందని అందరూ సంతోషించారు.

ఏడాది తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం సముద్ర మార్గాలను దిగ్బంధించగా చిలీ సురేకారం జర్మనీకి అందకుండా పోయింది. సురేకారం ఎరువుకే గాక పేలుడు పదార్థాలకూ మూలద్రవ్యం. అమోనియా నుండి నత్రికామ్లం చేసి ఇవ్వవలసిందిగా సైన్యం కోరింది. బాష్ అందుకు అంగీకరించాడు. 1915లో ఒప్పావ్‌లో ఆ తయారీ పెద్ద యెత్తున మొదలైంది. 1917లో లోయినా అనే చోట అంతకంటె పెద్ద కర్మాగారం వెలసింది. పొలాలకు ప్రాణం పోయవలసిన అమోనియా ఫిరంగులకు మందుగుండు అయింది. ఆ కర్మాగారాలే లేకుంటే జర్మనీ అన్నేళ్ళు యుద్ధం సాగించగలిగేది కాదని చరిత్రకారులు భావిస్తారు. బాష్ జీవితంపై పడిన మొదటి నీడ ఇది.

యుద్ధంలో జర్మనీ ఓడిన పిమ్మట, 1919లో వెర్సాయ్ సంధి చర్చలకు వెళ్ళిన ప్రతినిధులలో ఆయన కూడ ఉన్నాడు. ఆయుధ కర్మాగారాలుగా భావించి ఒప్పావ్, లోయినాలను కూల్చివేస్తారన్న భయం ఆనాడు ఉండేది. బాష్ ఫ్రెంచి అధికారులతో చర్చించి, అమోనియా తయారీ విజ్ఞానాన్ని వారికి అందించే ఒప్పందంతో ఆ కర్మాగారాలను నిలుపుకొన్నాడు. ఆ సంవత్సరమే ఆయన సంస్థకు అధిపతి అయ్యాడు.

1921 సెప్టెంబరు 21వ తేదీ ఉదయం ఒప్పావ్‌లో ఘోర ప్రమాదం సంభవించింది. అక్కడి గోదాములో సుమారు 4,500 టన్నుల అమ్మోనియం సల్ఫేటు, అమ్మోనియం నైట్రేటుల మిశ్రమ ఎరువు నిల్వ ఉంది. తేమకు అది రాయిలా గడ్డకట్టేది. దానిని చిన్న చిన్న పేలుళ్ళతో పగులగొట్టడం అక్కడి వాడుక. అంతకుముందు వేలసార్లు ఏ హానీ జరగలేదు గనుక అది సురక్షితమని నమ్మారు. ఆ రోజు మాత్రం ఎరువులో కొంత భాగం భయంకరంగా పేలింది. దాదాపు 560 మంది మరణించారు. సుమారు రెండు వేల మంది గాయపడ్డారు. గ్రామంలోని ఇళ్ళు అధిక భాగం నేలమట్టమయ్యాయి. మృతుల అంత్యక్రియల సభలో బాష్ మాట్లాడాడు. ఆ తరువాత ఆయన ఆరోగ్యం దెబ్బతిని, కొన్ని నెలలు పనికి దూరమయ్యాడు. కర్మాగారం కొద్ది నెలలలోనే తిరిగి లేచింది. ఇంతవరకు ఏమీ కాలేదన్నది ఇకముందు ఏమీ కాదనడానికి సాక్ష్యం కాదు. పారిశ్రామిక భద్రతా శాస్త్రం ఒప్పావ్ నుండి నేర్చుకున్న పాఠం ఇదే.

అధిక పీడన విద్య అమోనియాతో ఆగలేదు. అమోనియా, బొగ్గుపులుసు వాయువులను కలిపి యూరియా చేసే పద్ధతికి బాష్, విల్‌హెల్మ్ మైజర్‌ల పేర్లు నిలిచాయి. 1922లో ఒప్పావ్‌లో యూరియా తయారీ మొదలైంది. 1923లో లోయినాలో కృత్రిమ మెథనాల్ తయారైంది. 1925లో జర్మనీలోని పెద్ద రసాయన సంస్థలు ఐ.జి. ఫార్బెన్ పేరుతో ఏకం కాగా, దానికి బాష్ తొలి అధిపతి అయ్యాడు. ఫ్రెడరిక్ బెర్గియస్ కనుగొన్న మార్గాన్ని అనుసరించి, బొగ్గుకు హైడ్రోజన్ చేర్చి పెట్రోలు తీసే పనిని లోయినాలో 1927 నుండి చేపట్టాడు. భూగర్భంలోని చమురు త్వరలోనే అడుగంటుతుందని ఆయన తలపోశాడు. ఆ అంచనా తప్పింది. అమెరికాలో కొత్త చమురు నిక్షేపాలు బయటపడి ధరలు పడిపోయాయి. బొగ్గు నుండి తీసిన పెట్రోలు గిట్టుబాటు కాక సంస్థకు భారమైంది. 1931లో అధిక పీడన రసాయన పద్ధతులకుగాను బాష్, బెర్గియస్‌లకు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. కొత్త పదార్థానికో, కొత్త సిద్ధాంతానికో గాక, పరిశ్రమను నిర్మించిన నేర్పునకు లభించిన అరుదైన గౌరవమది.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. బాష్ జీవితంలో అత్యంత క్లిష్టమైన ఘట్టమిది. యూదు శాస్త్రవేత్తలను వెళ్ళగొడితే జర్మనీ విజ్ఞానం నాశనమవుతుందని ఆయన హిట్లర్‌కే స్వయంగా చెప్పి చూశాడు. ఆ మాట చెవికెక్కలేదు సరికదా, ఆగ్రహం కలిగించింది. అయితే అదే సంవత్సరం డిసెంబరులో, నష్టాలలో ఉన్న కృత్రిమ పెట్రోలును నిర్ణీత ధరకు కొనేందుకు ఆ ప్రభుత్వంతోనే ఆయన సంస్థ ఒప్పందం చేసుకొంది. తాను ప్రేమించి నిర్మించిన పరిశ్రమను కాపాడుకోవడానికి, తాను ఏవగించుకొన్న ప్రభుత్వపు చేయి పట్టుకున్నాడు. ఆ పెట్రోలే తరువాతి యుద్ధంలో జర్మనీ విమానాలకు, వాహనాలకు ఇంధనమైంది.

యూదు వంశీయుడైన హేబర్ ఉద్యోగం వీడి, 1934 జనవరిలో పరదేశంలో మరణించాడు. మరుసటి సంవత్సరం బెర్లిన్‌లో ఆయన సంస్మరణ సభ జరిగింది. ప్రభుత్వం ఆచార్యులను ఆ సభకు వెళ్ళరాదని నిషేధించినా బాష్ హాజరయ్యాడు. 1937లో ఆయన కైజర్ విల్‌హెల్మ్ విజ్ఞాన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1939లో మ్యూనిక్ నగరంలో ఒక సభలో, విజ్ఞానానికి స్వేచ్ఛ ఉండాలని బహిరంగంగా పలికి పాలకుల కోపానికి గురయ్యాడు. అప్పటికే దిగులు, అనారోగ్యం ఆయనను కుంగదీశాయి. తాను సేకరించిన పురుగుల పెట్టెలు, తన ఇంటి దూరదర్శిని ఆయనకు కొంత ఊరట. 1940 ఏప్రిల్ 26వ తేదీన హైడెల్‌బర్గ్ నగరంలో కన్నుమూశాడు. ఆయన మరణానంతరం ఐ.జి. ఫార్బెన్, ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరపు ఖైదీల చేత వెట్టిచాకిరి చేయించి చరిత్రలో చెరగని మచ్చ తెచ్చుకొంది. లోయినా కర్మాగారం 1944లో బాంబు దాడులకు గురైంది.

బాష్ చేసిన పని మాత్రం ఆయనతో పోలేదు. నేడు ప్రపంచంలో ఏటా 15 కోట్ల టన్నులకు పైగా అమోనియా తయారవుతోంది. దానిలో అధిక భాగం ఎరువులకే పోతుంది. ప్రపంచ జనాభాలో సుమారు సగం మందికి అన్నం అందడానికి ఆ ఎరువులే ఆధారమని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. తెలంగాణలోని రామగుండంలో బొగ్గు ఆధారంగా 1980లో పని ప్రారంభించి 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం, కొత్త రూపంలో సహజవాయువు ఆధారంగా 2021లో మరల ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ జరిగేది కూడ మౌలికంగా ఒప్పావ్‌లో జరిగిన పనియే. గోదావరి, కృష్ణా ఆయకట్టుల రైతు భుజాన మోసుకువచ్చే యూరియా బస్తాలో ఆ చరిత్ర దాగి ఉంది. మితిమీరి చల్లిన ఎరువు నీటిని కలుషితం చేస్తుంది. దాని తయారీకి చాల ఇంధనం ఖర్చవుతుంది, బొగ్గుపులుసు వాయువు విడుదలవుతుంది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి వచ్చే హైడ్రోజన్‌తో అమోనియా చేసే ప్రయత్నాలు అందుకే సాగుతున్నాయి. బాష్ విడిచిన పనిని కొనసాగించవలసిన ఇంజనీర్లు ఇంకా కావాలి.

గొట్టం ఎందుకు పగిలిందో బాష్ కనిపెట్టగలిగాడు. జారే వాయువుకు దారి చూపగలిగాడు. తన కర్మాగారంలో తయారైనది ఎవరి చేతికి పోతుందో, దానితో వారేమి చేస్తారో శాసించడం మాత్రం ఆయన వల్ల కాలేదు. ఆ సంగతి ఆయనను చివరి దాకా బాధించింది. ఇంజనీరు కాగోరే విద్యార్థి ఆయన నేర్పును ఎంత శ్రద్ధగా నేర్చుకోవాలో, ఆయన వేదనను కూడ అంత శ్రద్ధగా గుర్తుంచుకోవాలి.